ఇద్దరికే ఉన్న పేరు

ఇంకొంచెం తెరువమ్మా అంది డాక్టరమ్మ. ప్రసన్న తెరిచింది. ఇంతకంటే తెరవమంటే దవడ ఊడి ఒళ్ళో పడాల్సిందే. పైన గుండ్రటి లైటు కళ్ళలోకి కొడుతోంది, ఇంజెక్షన్ ఇచ్చిన పైపెదవి ఎవరిదో తెచ్చి అతికించినట్టుంది, నర్సు లీదియా నోట్లో పెట్టి పట్టుకున్న గొట్టం ఊరిన నీళ్ళన్నీ జుర్రుమని లాగేస్తోంది. గంట పడుతుందన్నారు. గంటసేపు ఎవరూ మాట్లాడమనరు, ఎందుకు చేశావని అడగరు, అనుకోగానే మొదట ప్రాణం కుదుటపడింది. కానీ నోటికి సెలవిస్తే మనసు ఊరుకుంటుందా, సందు దొరికిందే చాలని తలుపు అవతలికి పోయి కూర్చుంది. తలుపు అవతల వరసగా వేసిన కుర్చీల్లో అమ్మ ఉంది. అమ్మ పక్కన కుమారి ఉంది. ఎందుకొచ్చినట్టు? అమ్మ రమ్మంటే కాదనలేక వచ్చిందా, తన కోసం వచ్చిందా? బడి తెరిచిన కొత్తలో మాట మానేసిన పిల్ల, ఇప్పుడు దసరా సెలవులు దగ్గరికొస్తున్నాయి, మళ్ళీ నిన్న మాట్లాడింది, అదీ రెండే ముక్కలు. ఈ కుర్చీ దిగి ఆ తలుపు తీస్తే దాని ముఖం చూడాలి. అది ఇంకా తన స్నేహితురాలేనా, కాదా అన్నది అక్కడ తేలిపోతుంది. అందుకే ఈ పన్ను ఎంతకీ బాగవకుండా సాయంత్రం దాకా ఇట్లాగే సాగితే బాగుండనిపించింది ప్రసన్నకు.

విరిగింది నిజానికి పన్ను కాదు, పన్ను మీద వేసిన తెల్లటి పూత. పైవరసలో ముందున్న నాలుగు పళ్ళకూ వేసవి సెలవుల్లో ఇదే కుర్చీలో ఇదే డాక్టరమ్మ వేసింది. పూత కింద అసలు రంగేమిటో అమ్మకూ నాయనకూ తెలుసు, బళ్ళో మాత్రం కుమారికి తప్ప ఇంకెవరికీ తెలియదు. పుల్లలచెరువు దాటి ఇంకా లోపలికి, అడివి అంచున ఉన్న వాళ్ళ ఊళ్ళో బోరు నీళ్ళు తాగి పెరిగిన పిల్లలందరివీ అవే పళ్ళు, గోధుమరంగు చారలు, మధ్యమధ్యలో చిన్న గుంటలు. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అదొక లోపమని ఎవరికీ తోచలేదు, ఊరందరికీ ఉన్నది లోపమెట్లా అవుతుంది. పెద్దవాళ్ళకైతే పళ్ళతో ఆగదు. కుమారి వాళ్ళ జేజి రంగనాయకమ్మ నడుము వంగిపోయి, మోకాళ్ళు చాపలేక, గొర్రెల దొడ్డి ముందు కూర్చునే ఉండేది, కూర్చున్నచోటి నుంచే మందనూ మనుషులనూ కలిపి తిట్టేది. నీళ్ళ వల్లేనని అందరికీ తెలుసు, తెలిసీ అవే తాగేవాళ్ళు, వేరేవి ఉంటే కదా. రంగనాయకమ్మ మాత్రం ఆ కథంతా ఒప్పుకునేది కాదు. ప్రసన్న వాళ్ళ నాయన వేణుగోపాల్‌ది ఊళ్ళో చిల్లర దుకాణం. దుకాణం వెనక గదిలో గోనెసంచి కప్పిన బెల్లం దిమ్మెలుండేవి. మధ్యాహ్నం నాయన కునుకు తీసే వేళ ఇద్దరూ దూరి, గోళ్ళతో గీకి, బుగ్గన పెట్టుకుని దొడ్డిదాకా చప్పరిస్తూ పోయేవాళ్ళు. ముసలమ్మ ఇద్దరి ముఖాలూ పట్టుకుని చూసి, "తిన్న బెల్లమంతా పళ్ళకు పట్టిందే దొంగల్లారా, ఇంగ వదలదు" అంది.

ఆ పూటే పుట్టింది ఆ పేరు. ఏమే బెల్లమా అంటే ఏందే బెల్లమా అని. ఇద్దరికీ ఒకటే పేరు, ఎవరు పిలిచినా రెండోది పలికేది. ఇంట్లోవాళ్ళ ముందు అనుకునేవాళ్ళు కాదు, ఎందుకో, ఎవరూ వద్దనలేదు, అయినా అనేవాళ్ళు కాదు. ప్రసన్నకు తల్లి పెట్టిన పేరు ప్రసన్నలక్ష్మి, అవతలి పిల్లకు హాజరుపట్టీలో పేరు లక్ష్మీకుమారి, అయ్యవార్లకూ ఊరికీ కుమారి. ఆ కుమారి అనే పేరు ప్రసన్న నోట ఒక్కనాడూ రాలేదు, అవసరం పడలేదు. ఒకసారి కుమారి వాళ్ళ పిన్నమ్మ పాపమ్మ, మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, పండక్కొస్తూ పిల్లలకని బలపాలు తెచ్చింది. ఇద్దరూ రాసుకోకుండా వాటిని బండ మీద నూరారు, పొడి మెత్తగా మల్లెపూవులా వచ్చింది, పళ్ళకు దట్టంగా రుద్దుకుని దుకాణంలో అద్దం ముందు నిలబడ్డారు. తెల్లగా, ఎంత తెల్లగా! పెదాలు విప్పి, మూసి, మళ్ళీ విప్పి, టీవీలో ఆడవాళ్ళలాగా మెడ వంచి, చివరికి నవ్వు ఆపుకోలేక పొడంతా ఎగిరి అద్దం మీద పడి, నాయన లేచొచ్చి ఇద్దరి వీపులూ విమానం మోత మోగించాడు. పుక్కిలిస్తే మళ్ళీ మామూలే. కుమారి చాలాసేపు పుక్కిలించలేదు, ఎండిపోయిన నోటితో అట్లాగే కూర్చుంది, ప్రసన్న కూడా దానికి తోడు కూర్చుంది. ఇప్పుడీ గొట్టం నోరంతా ఎండబెడుతుంటే నాలుక మీద ఆ బలపం రుచే తగులుతోంది.

నీళ్ళు కొడతా, కొంచెం జివ్వుమంటుంది అంది డాక్టరమ్మ. జివ్వుమనలేదు. అనకపోవడమే బాధగా ఉంది ప్రసన్నకు, ఎక్కడైనా గట్టిగా నొప్పి పుడితే దాని మీదకన్నా మనసు పోయేది. నాయన ఊళ్ళో దుకాణం ఎత్తేసి మార్కాపురంలో పెడతానన్నప్పుడు ప్రసన్న రెండు రోజులు అన్నం మానేసింది. అక్కడ కుమారి మొండికేసింది, చదివితే ప్రసన్న చదివే బళ్ళోనే చదువుతా, లేకపోతే గొర్రెల వెంట పోతా అని. దాని నాయన అంకన్నకు కూతురి మాటంటే వేదం. పొట్టేళ్ళను అమ్మి, పాపమ్మ ఇంట్లో ఉంచి, ఇంగ్లీషు మీడియం బళ్ళో ఎనిమిదిలో చేర్పించాడు. ఈ పళ్ళతో పోతే టౌను పిల్లలు ఏమంటారోనని అమ్మకు దిగులు పట్టుకుంది, ప్రసన్నను ఇక్కడికి తీసుకొచ్చింది. అప్పుడూ కుమారే తోడొచ్చింది. ఆ తలుపు తీసుకుని బయటికొచ్చిన ప్రసన్నను చూసి అది కుర్చీలోంచి లేచి నిలబడింది, అరచెయ్యి తన నోటికి అడ్డం పెట్టుకుంది, "ఎంత బాగుండావే" అంది. ఆ చెయ్యి అడ్డం పెట్టుకోవడం అంతకుముందు దానికి లేదు. ప్రసన్న ఆ సంతోషంలో దాని భుజం పట్టుకుని ఊపి, నీక్కూడా చేయిద్దాం, మా నాయనతో నేను చెప్తా కదా అంది. చెప్పలేదు. మరిచిపోయిందా అంటే మరిచిపోలేదు. ఇవాళ చెబుదాం రేపు చెబుదాం అనుకుంది, ఆ తరవాత ఒకరోజు, ఇద్దరికీ తెల్లగా అయితే ఇంక నా దాంట్లో ఏముంది అనే ముక్క ఎక్కడినుంచో వచ్చి మనసులో దూరింది, ఛీ అనుకుంది, అనుకుని కూడా చెప్పలేదు.

బడి తెరిచారు. మొదటివారం ఇద్దరూ కిటికీ పక్క బెంచీలో కూర్చున్నారు, ఇంగ్లీషులో అడిగితే ఒకరి చెయ్యి ఒకరు గిల్లుకున్నారు. రాధిక అని బట్టల షాపు వాళ్ళమ్మాయి, ఆమె చుట్టూ ఎప్పుడూ ఐదారుగురు, స్టేజీ మెట్ల మీద కూర్చుని భోజనం చేసేవాళ్ళు, ఆ మెట్ల మీదికి పిలిస్తే తప్ప ఎవరూ ఎక్కకూడదన్నది బళ్ళో ఎవరూ పెట్టని రూలు. ఒకరోజు కుళాయి దగ్గర రాధిక ప్రసన్నను ఆపి, నీ స్మైల్ భలే ఉంది, రేపట్నించి మాతో కూర్చో అంది. ఎంత చిన్న మాట. కానీ పుట్టినప్పట్నుంచీ ఎవరూ అనని మాట. ప్రసన్నకు ఆ సాయంత్రం కాళ్ళు భూమి మీద ఆనలేదు, అద్దంలో చూసుకుని చూసుకుని అమ్మ చేత చీవాట్లు తింది. మర్నాడు మెట్లెక్కింది. కుమారిని రమ్మనలేదు, కుమారి అడగనూ లేదు, రెండు సీసాలకూ నీళ్ళు పట్టుకొస్తానని కుళాయి దగ్గరికి పోయింది.

ఇక్కడికొచ్చేసరికి ప్రసన్న మనసు ఎప్పటిలాగే పక్కకు తప్పుకోబోయింది. లైటు చుట్టూ ఎన్ని చిన్న బల్బులున్నాయో చూసింది, లీదియా గాజుల చప్పుడు వింది, అదీ చాలలేదు. ఆ అమ్మాయెవరు, ఎప్పుడూ నీ వెనకాలే తిరుగుతా ఉంటాది అని అడిగింది రాధిక. నా ఫ్రెండు అంటే అయిపోయేది. మా ఊరమ్మాయి అంది ప్రసన్న. పళ్ళేంది అట్లున్నాయి అని ఇంకొకామె అడిగింది. ఏమో అనొచ్చు, ఊరుకోవచ్చు, మా ఊరి నీళ్ళు అనొచ్చు. కానీ నీళ్ళు అంటే మరి నీకెట్లా లేవు అంటారు కదా. ఆ భయం, భయంతోపాటు వాళ్ళందరూ తన వైపే చూస్తున్న ఆ గొప్ప, రెండూ కలిసి గొంతులోకొచ్చాయి. "దాన్ని ఊళ్ళో అందరూ బెల్లమంటారు" అంది.

అందరూ అంటారట! ఊళ్ళో ఒక్కరూ అనరు. మెట్లన్నీ నవ్వాయి. ప్రసన్న కూడా నవ్వింది, అందరికంటే ఎక్కువ నవ్వింది, తల వెనక్కి వేసి, కొత్త పళ్ళన్నీ కనబడేట్టు. అంతమంది ముందు నోరు దాచుకోకుండా ఆమె నవ్విన మొదటి నవ్వు అదే, ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది, ఆ హాయిగా ఉండడమే ఇప్పుడు చంపుతోంది. తల దించేసరికి మెట్ల కింద కుమారి రెండు సీసాలూ పట్టుకుని నిలబడి ఉంది. ఒక సీసా పైమెట్టు మీద పెట్టింది, రెండోది తీసుకుని పోయింది. ఎదురు తిరిగి, దీనివీ అవే పళ్ళు, పైన పూత పూయించుకుంది అని ఒక్క మాట అంటే ప్రసన్న బతుకు ఆ మెట్ల మీదే బజారున పడేది. అంటుందేమోనని ఆ రోజంతా, ఆ వారమంతా ప్రసన్న వణికింది, చేసినదానికి కాదు, అంటుందేమోనని. అది అనలేదు. వెనక బెంచీకి మారిపోయింది. పేరు మాత్రం మారలేదు, వారం తిరిగేసరికి తరగతి మొత్తం బెల్లం అనేవాళ్ళే, ఒకరోజు లెక్కల సారు కూడా అదే దాని ముద్దుపేరనుకుని, ఏమ్మా బెల్లం నువ్వు చెప్పు అన్నాడు. కుమారి లేచి నిలబడి లెక్క చెప్పింది.

మరి మెట్ల మీద ఏమి సుఖపడిందయ్యా అంటే, పుట్టినరోజులకు పిలిచారు, ఫోటోల్లో మధ్యలో నిలబెట్టారు, పక్క సెక్షన్ పిల్లలు పేరు పెట్టి పలకరించారు. జామకాయ కొరకాలంటే భయం, చల్లటిది తాగాలంటే భయం, ఎవరైనా దగ్గరగా ముఖం పెట్టి చూస్తే భయం. ఇంటికొచ్చాక ఇవాళ ఏం మాట్లాడుకున్నామని గుర్తు చేసుకుంటే ఒక్క మాట మిగిలేది కాదు. నాయన దుకాణం ఇక్కడ సరిగా సాగడం లేదని, రాత్రిళ్ళు అమ్మతో గొణుగుతున్నాడని ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది ప్రసన్నకు. చెప్పుకోదగ్గ మనిషి వెనక బెంచీలో ఉంది. ఎన్నిసార్లు తల తిప్పబోయిందో, ఎన్నిసార్లు రాధిక చూస్తుందని మానుకుందో.

నిన్న మధ్యాహ్నం రాధిక పల్లీ చిక్కీ పంచింది. ముందు పళ్ళతో కొరకొద్దని డాక్టరమ్మ పూత వేసిన రోజే చెప్పింది, పక్క పళ్ళతో కొరికితే అడుగుతారేమోనని ముందు పళ్ళతోనే కొరికింది. టక్ మంది. నాలుకకు గరుకుగా తగిలింది, ఆ గరుకు చిన్నప్పటినుంచీ ఎరిగిన గరుకే. తెల్లటి ముక్క మెట్ల మీద పల్లీ పొట్టులో పడింది. ప్రసన్న నోరు మూసుకుంది, మూసుకున్న నోటితో ఎట్లా ఏడవాలో తెలియక కళ్ళు నిండిపోయాయి, ఏందే, ఏమయింది, చెప్పు, అని అందరూ ముఖంలోకి వంగుతున్నారు. ఎప్పుడు చూసిందో, ఎంత దూరంనుంచి చూసిందో, కుమారి వచ్చింది. ఎవరూ పిలవకుండా మెట్లెక్కింది. బెల్లం వచ్చింది బెల్లం వచ్చింది అని నవ్వుతున్నారు వాళ్ళు. అది వంగి ఆ పొట్టులోంచి ఏదో ఏరి పిడికిట్లో పెట్టుకుంది, "దీనికి కడుపులో నొప్పంట" అని వాళ్ళతో అంది, ప్రసన్న చెవి దగ్గర "నోరు తెరవొద్దు, పద" అంది. ఆ మధ్యాహ్నం గేటు దాకా, గేటు నుంచి దుకాణం దాకా చెయ్యి వదల్లేదు, ఇంకో మాట మాట్లాడలేదు. ప్రసన్న గుట్టంతా దాని పిడికిట్లో ఉంది. ఆ పిడికిలి ఎవరి ముందూ విప్పలేదు, అమ్మ ముందు మాత్రం విప్పింది, "అత్తా, ఇది పారెయ్యబాకండి, డాక్టరు మళ్ళ అంటిస్తదేమో" అంది. అమ్మ దాన్ని కాగితంలో చుట్టి ఇవాళ తెచ్చింది. డాక్టరమ్మ చూసి నవ్వి, ఇది పనికిరాదమ్మా, కొత్తది వెయ్యాల్సిందే అని ట్రేలో పడేసింది. రాధిక నిన్న సాయంత్రం ఫోను చేసింది, ఆదివారం రీల్ తీసుకుంటున్నాం, ఆకుపచ్చ చుడీదార్ ఉందా అని అడగడానికి. కడుపునొప్పి మాట ఆమెకు గుర్తే లేదు.

సిగ్గంటే ముఖం ఎర్రబడడం అనుకునేది ప్రసన్న. కాదు. సిగ్గు కడుపులో ఉంటుంది, తిన్న అన్నం పక్కన కూర్చుంటుంది. నిన్న రాత్రంతా ఒక మాట కూడబెట్టుకుంది. సోమవారం మెట్ల మీద నిలబడి, నావీ అవే పళ్ళు, ఆ పేరు నాదే, నేనే చెప్పా, అని అందరి ముందూ అనేస్తుంది. రాధిక నవ్వనీ, మెట్లు దిగిపొమ్మననీ. ఆ మాట ముందు కుమారితో చెప్పాలి, చెబితే అది ఉఫ్ మని నవ్వి, పోవే బెల్లమా అంటుంది, అంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదు. అంటుందా? ఈ మాటే నోట్లో గొట్టం తిరుగుతున్నంతసేపూ తిప్పుకుంది. నీలం లైటు ఒకటి పంటి మీద పెట్టి తీశారు, ఏదో గీకారు, కాగితం కొరకమన్నారు. అయిపోయింది. లీదియా అద్దం చేతికిచ్చి, చూసుకో పాపా, దొరసానివి అంది. ప్రసన్న చూసుకోకుండానే బాగుందని తలాడించి కుర్చీ దిగింది.

అమ్మ మందులు తేవడానికి కిందికి పోయింది. కుమారి ఒక్కతే ఉంది, లేచి నిలబడింది, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోలేదు. బాగొచ్చిందా అని అడిగింది. ప్రసన్న ఆ ప్రశ్న దాటేసి కూడబెట్టిందంతా ఒక్కసారిగా బయట పెట్టింది, మొద్దుబారిన పెదవితో మాటలు వంకర్లు పోయాయి, సోమవారం అందరి ముందూ చెప్పేస్తానంది, తప్పయిందంది, ఏడ్చింది కూడా. కుమారి అంతా వింది. కోపం లేదు దాని ముఖంలో, ఉంటే బాగుండేది.

"చెప్పబాక" అంది. "చెప్తే నిన్ను గూడ అంటారు, అంతే గదా. వాళ్ళు పిలిస్తే పిలవనీ, నాకు అలవాటైపొయ్యింది. నువ్వు మాత్రం ఇంగ నన్నట్ల పిలవొద్దు."

అమ్మ వచ్చింది. కుమారీ, ఇంటికొచ్చి అన్నం తినిపో అంటే, సరే అత్తా అంది కుమారి. ఆటోలో ముగ్గురూ వెనక సీట్లో కూర్చున్నారు, అమ్మ మధ్యలో. అమ్మ ఊళ్ళో సంగతులడుగుతోంది, కుమారి ఎప్పటిలాగే ఓపిగ్గా చెబుతోంది, జేజికి నొప్పులెక్కువైనాయని, కొన్ని గొర్రెలు ఈనాయని. ప్రసన్నకు ఏదో ఒకటి దానితో అనాలనిపించింది, ఏదో ఒకటి, ఎండగా ఉందని అయినా సరే. పిలవడానికి నోరు తెరిచింది, ఏళ్ళ తరబడి అలవాటైన ఆ మూడక్షరాలు నాలుక చివరికొచ్చి ఆగిపోయాయి. కాసేపటికి, మెల్లగా, "కుమారీ" అంది.

కుమారి తిరగలేదు. ఇంకెవరో పిలిచారనుకుని రోడ్డు వైపు చూసింది.